నెల పొడుగునా తెల్లబట్ట ఎలా మారుతుంది? మీ ఒంటి తీరు మీరే తెలుసుకునే పద్ధతి

లోదుస్తుల మీద కాస్త తెల్లగా కనిపిస్తే చాలు, "ఒంట్లో వేడి చేసింది" అనేవాళ్లు, "ఇలా పోతుంటే ఎముకలు గుల్లబారిపోతాయి" అని భయపెట్టేవాళ్లు మన ఇళ్లల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట నమ్మిన అమ్మాయి సబ్జా నీళ్లు తాగుతూ, ఎవరికీ చెప్పుకోలేక టెన్షన్ పడుతుంది. మరో ఇంట్లో నిజంగానే ఇన్ఫెక్షన్ వచ్చి, దురదతో రాత్రిళ్లు నిద్ర పట్టని ఆవిడ "ఆడవాళ్లకి ఇవన్నీ మామూలేలే" అని నెలల తరబడి ఊరుకుంటుంది. ఇద్దరికీ ఉన్న లోటు ఒకటే. తన ఒంట్లో ఏది మామూలో తనకు ఎవరూ చెప్పలేదు.

పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లందరికీ స్రావం ఉంటుంది. అది రోజూ ఒకేలా ఉండదు, నెలసరితో పాటు మారుతుంది. ఆ మార్పుకి ఒక వరస ఉంది. రెండు మూడు నెలలు ఓపిగ్గా గమనిస్తే ఆ వరస ఎవరికైనా దొరుకుతుంది. ఒకసారి దొరికాక, తేడా వచ్చిన రోజున డాక్టర్ కంటే ముందు మీకే తెలుస్తుంది.

ముందు, ఇది ఎక్కడి నుంచి వస్తుంది?

గర్భసంచి కింది కొసన సన్నని ముఖద్వారం ఉంటుంది, డాక్టర్లు సర్విక్స్ అంటారు. అందులోని గ్రంథులు జిగురు తయారు చేస్తాయి. దానికి యోని గోడల్లోంచి ఊరే తడి, రాలిపోయే పాత కణాలు, అక్కడ సహజంగా ఉండే మంచి బ్యాక్టీరియా కలిస్తే మనం తెల్లబట్ట అంటున్న స్రావం. రోజుకి సుమారు 1 నుంచి 4 మిల్లీలీటర్లు, అంటే చిన్న చెంచాకి లోపే. కొందరికి ఇంకాస్త ఎక్కువ ఉన్నా అది జబ్బు కాదు.

ఆ మంచి బ్యాక్టీరియాలో ముఖ్యమైనవి లాక్టోబాసిల్లై. ఇవి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి యోనిని పుల్లగా ఉంచుతాయి. పీహెచ్ లెక్కలో 3.8 నుంచి 4.5 మధ్య. బయటి సూక్ష్మజీవులు ఆ పులుపులో తేలిగ్గా పెరగలేవు. నల్లటి, ముదురు నీలం ప్యాంటీలకి మధ్యలో రంగు వెలిసి గోధుమ రంగు మచ్చ పడటం చాలామంది చూసే ఉంటారు. సబ్బు పడలేదనో, ఏదో రోగమనో అనుకుంటారు. ఆ పులుపు వల్లే రంగు పోతుంది, లోపల అంతా సరిగ్గా ఉందన్నమాట. అలాగే తెల్లని బట్ట మీద స్రావం ఆరాక లేత పసుపుగా కనిపించినా కంగారు పడక్కర్లేదు. ఆరకముందు ఏ రంగులో ఉందన్నదే చూడాలి.

ఎందుకు మారుతుంది?

ఒక నెలసరి మొదలై మరోటి వచ్చేదాకా ఉండే రోజుల్ని సైకిల్ అంటారు. ఆ సైకిల్ మొదటి సగంలో అండాశయంలో ఒక అండం పెరుగుతూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ ఈస్ట్రోజన్ హార్మోన్ పెరుగుతుంది. ఆ హార్మోన్ ప్రభావంతో జిగురులో నీటి పాళ్లు ఎక్కువై పలచగా, స్వచ్ఛంగా, సాగేలా తయారవుతుంది. వీర్యకణాలు ఈదుకుంటూ లోపలికి వెళ్లడానికి ఇదే దారి. ఇలాంటి జిగురులో అవి ఐదు రోజుల వరకు బతికి ఉండగలవు. అండం మాత్రం విడుదలయ్యాక 12 నుంచి 24 గంటలే ఉంటుంది.

అండం విడుదల కాగానే ప్రొజెస్టిరాన్ హార్మోన్ పెత్తనం మొదలవుతుంది. జిగురు చిక్కబడి ముఖద్వారాన్ని బిరడాలా మూసేస్తుంది. బయటికి వచ్చేది తగ్గిపోతుంది, వచ్చినా మందంగా, అంటుకునేలా ఉంటుంది.

ఈ మార్పుని ఆడవాళ్లు తమంతట తామే గుర్తుపట్టగలరని 1950లలో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో జాన్ బిల్లింగ్స్ అనే డాక్టర్ మొదలుపెట్టి, తర్వాత డాక్టరే అయిన భార్య ఎవెలిన్‌తో కలిసి కొనసాగించిన పని వల్ల ప్రపంచానికి బాగా తెలిసింది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో పరీక్షించి చూసింది. అందులో మన పక్కనున్న బెంగళూరు కూడా ఒక కేంద్రం. 1981లో వచ్చిన ఫలితాల ప్రకారం, నేర్పిన మొదటి నెలలోనే నూటికి 93 మంది తమ స్రావంలో మార్పుని సరిగ్గా రాయగలిగారు. కాబట్టి "ఇదంతా మాకెలా తెలుస్తుంది" అని జంకకండి.

మొదటి పని: రోజుల లెక్క

ఎర్రగా, ప్యాడ్ పెట్టుకోవాల్సినంత రక్తస్రావం మొదలైన రోజే 1వ రోజు. దానికి ముందు ఒకటి రెండు రోజులు గోధుమ రంగు మరకలు పడితే అవి పాత నెల లెక్కలోకే వస్తాయి. ఇక్కడ పొరపాటు జరిగితే మిగతా లెక్కంతా తప్పుతుంది. తర్వాతి నెలసరి మొదలైన రోజు మళ్లీ 1.

చాలా ఇళ్లల్లో పాల లెక్క, గ్యాస్ బుక్ చేసిన తేదీ రాసే గోడ క్యాలెండర్ మీదే డేట్ కూడా చుక్క పెట్టి గుర్తు పెట్టుకుంటారు. తేదీకి అది సరిపోతుంది కానీ, రోజూ రాయాల్సిన వివరాలకి చిన్న నోట్‌బుక్కో, ఫోన్‌లో నోట్సో మేలు. ఎవరైనా చూస్తారన్న బెరుకు ఉంటే నాలుగో రోజుకే రాయడం మానేస్తారు, అందుకే చెబుతున్నా. యాప్‌లు వాడొచ్చు. అయితే చాలా యాప్‌లు కేవలం తేదీలను బట్టి అండం విడుదల రోజుని ఊహించి చెబుతాయి. మీ ఒంట్లో ఏం జరిగిందో వాటికి తెలియదు.

రెండో పని: ఎప్పుడు చూడాలి, ఎలా చూడాలి

ఈ విషయంలో విదేశీ పుస్తకాల్లో రాసినట్టు చేస్తే మనకు కుదరదు. వాళ్లు టిష్యూ కాగితం వాడతారు, అందులో కనిపిస్తుంది. మనం బాత్రూంకి వెళ్లగానే మగ్గుతో నీళ్లు పోసుకుంటాం. చూడాల్సిందంతా ఆ నీళ్లతోనే కొట్టుకుపోతుంది. అందుకని నీళ్లు పోయకముందే చూడాలి. మూత్రానికి వెళ్లే ముందు, శుభ్రమైన వేలితో గానీ చిన్న టిష్యూ ముక్కతో గానీ బయటి భాగాన్ని ముందు నుంచి వెనక్కి ఒకసారి తుడవండి. వేలు లోపలికి పెట్టక్కర్లేదు. రోజుకి రెండు మూడు సార్లు చూస్తే చాలు.

కంటికంటే ముందు స్పర్శని గమనించండి. తుడుస్తున్నప్పుడు పొడిగా పట్టేసినట్టుందా, తడిగా ఉందా, వేలు జారిపోతోందా? రోజంతా నడుస్తున్నప్పుడు, కూర్చున్నప్పుడు కలిగే తడి అనుభూతి కూడా లెక్కలోకి వస్తుంది. కొంతమందికి ఏమీ కనిపించదు కానీ జారుడు మాత్రం స్పష్టంగా తెలుస్తుంది, అది చాలు.

తర్వాత కంటితో చూడండి. వేలికి అంటినదాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నెమ్మదిగా విడదీయండి. వెంటనే తెగిపోయిందా, కొంచెం సాగిందా, తెగకుండా దారంలా పొడుగ్గా వచ్చిందా? అండం విడుదలకి దగ్గర పడిన రోజుల్లో కొందరికి ఎనిమిది, పది సెంటీమీటర్ల దాకా సాగుతుంది. అచ్చం పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలా ఉంటుంది. ఒకసారి చూశాక మళ్లీ మర్చిపోరు.

రాత్రి పడుకునే ముందు ఒక్క మాట రాయండి. రోజులో కనిపించిన వాటిలో ఎక్కువ తడిగా, ఎక్కువ సాగేలా ఉన్నదే రాయాలి. పొద్దున పొడిగా ఉండి సాయంత్రం జారుడుగా ఉంటే ఆ రోజు "జారుడు" అని రాసుకోవాలి. నాలుగు మాటలు చాలు: పొడి, అంటుడు, క్రీమ్, జారుడు.

మొదటి నెల రాసేటప్పుడు వీలైతే కలయికకి దూరంగా ఉంటే లెక్క స్పష్టంగా వస్తుంది. వీర్యం మరునాడు కూడా కొంత బయటికి వస్తుంది, దాన్ని జారుడు స్రావం అనుకునే అవకాశం ఎక్కువ. కోరిక కలిగినప్పుడు ఊరే తడి వేరు, కాసేపటికే అది పోతుంది.

మూడో పని: రాసినదాన్ని చదవడం

31 రోజుల సైకిల్ ఉన్న ఒకావిడ నోట్‌బుక్ ఇలా ఉండొచ్చు:

1–5: నెలసరి
6–9: పొడి, ఏమీ లేదు
10–12: అంటుడు, తెల్లగా కొంచెం, తీస్తే తెగిపోతోంది
13–14: క్రీమ్, తడి ఎక్కువైంది
15–17: జారుడు, నీళ్లలా స్వచ్ఛంగా, బాగా సాగుతోంది
18: మళ్లీ అంటుడు
19–31: పొడి, మధ్యలో ఒకటి రెండు రోజులు చిక్కగా

ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది 17వ రోజు. జారుడుగా అనిపించిన ఆఖరి రోజు అది, దాన్ని "పీక్" అంటారు. స్రావం ఎక్కువగా ఉన్న రోజు పీక్ కాదు, జారుడు ఉన్న చివరి రోజే పీక్. అందుకే అది గడిచిపోయాక, మరునాడు జారుడు మాయమయ్యాక గానీ తెలియదు. అండం విడుదల దాదాపుగా ఆ రోజుకి ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా జరుగుతుంది.

పీక్ తర్వాతి సగం ఒక మనిషిలో నెలనెలా పెద్దగా మారదు. సాధారణంగా 11 నుంచి 16 రోజుల మధ్య ఉంటుంది. పై ఉదాహరణలో 14. నెలసరి ఆలస్యమైందంటే చాలాసార్లు అండం విడుదల ఆలస్యమైందనే అర్థం. పరీక్షలు, జ్వరం, రాత్రి షిఫ్టులు, దూర ప్రయాణాలు మొదటి సగాన్ని సాగదీస్తాయి, రెండో సగాన్ని కాదు. "అందరికీ 14వ రోజే అండం విడుదల" అన్న మాట 28 రోజుల సైకిల్‌కే వర్తిస్తుంది. 24 రోజుల వాళ్లకి సుమారు 10వ రోజున, 35 రోజుల వాళ్లకి 21వ రోజు ప్రాంతంలో జరుగుతుంది. పెద్దవాళ్లలో 21 నుంచి 35 రోజుల సైకిల్ మామూలే.

ఇందులో నాకు బాగా నచ్చే ఉపయోగం ఒకటుంది. డేట్ ఎప్పుడూ సరిగ్గా రాని అమ్మాయి కూడా తన పీక్ రోజు తెలిస్తే, అక్కడి నుంచి తన రెండో సగం రోజులు లెక్కేసి నెలసరి ఎప్పుడొస్తుందో దాదాపుగా చెప్పగలదు. పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు, పరీక్షలు ఉన్న నెలల్లో ఇది తెలిసి ఉండటం ఎంత నిశ్చింతో ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

పిల్లలు కావాలనుకుంటే, వద్దనుకుంటే

పిల్లల కోసం చూస్తున్నవాళ్లు జారుడు మొదలైన రోజు నుంచి పీక్ మరునాటి వరకు రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ కలవడం మంచిది. మెడికల్ షాపులో దొరికే ఓవులేషన్ కిట్ అండం విడుదలకి ఒక రోజు, ఒకటిన్నర రోజు ముందు మాత్రమే గీత చూపిస్తుంది. జిగురు మాత్రం అంతకంటే ముందే కబురు చెబుతుంది, పైగా ఖర్చు లేదు. ఒక మాట గుర్తుపెట్టుకోండి: అండం పెరగడానికి క్లోమిఫిన్ మాత్రలు వాడుతున్నవాళ్లకి ఆ మందు వల్లే జిగురు తగ్గి చిక్కబడొచ్చు. జారుడు కనిపించలేదని అండం విడుదల కాలేదనుకోకండి, స్కానింగ్ చెప్పేదే చూడండి.

గర్భం వద్దనుకునేవాళ్లకి అమెరికాలోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీ వాళ్లు చాలా సులువైన పద్ధతి ఒకటి రూపొందించారు. రోజూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ రోజు స్రావం ఉందా? నిన్న ఉందా? ఏ ఒక్కదానికి "ఉంది" అన్నా ఆ రోజు గర్భం వచ్చే అవకాశం ఉన్నట్టే. రెండిటికీ "లేదు" అయితే అవకాశం తక్కువ. వినడానికి బాగుంది, కానీ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇలా ఒంటి గుర్తుల మీద ఆధారపడే పద్ధతుల్లో, మామూలుగా జనం వాడే తీరులో, ఏడాదికి నూటికి 2 నుంచి 23 మందికి గర్భం వస్తుంది. గర్భం వస్తే ఆరోగ్యానికో చదువుకో ఇబ్బంది అయ్యే పరిస్థితిలో ఉన్నవాళ్లు, భర్త మాట వినని ఇంట్లో ఉన్నవాళ్లు దీన్ని నమ్ముకోవద్దు. సుఖ వ్యాధుల నుంచి ఇది అసలే కాపాడదు.

ఈ వరస కనిపించకపోతే

హార్మోన్లున్న గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే అండం విడుదల ఆగుతుంది, కాబట్టి జారుడు రోజులు కనిపించవు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మూడు నెలలకోసారి వేసే "అంతర" ఇంజెక్షన్ తీసుకున్నా అంతే. కాపర్‌-టి వేయించుకున్నవాళ్లకి వరస ఉంటుంది కానీ స్రావం కొంచెం ఎక్కువవచ్చు. పాలిచ్చే తల్లులకి నెలల తరబడి పొడిగా ఉండటం సహజం.

పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం విడుదల, నెలసరి గాడి తప్పే సమస్య) ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్తగా చదవండి. మీలో అండం విడుదలకి ఒళ్లు సిద్ధమై, మధ్యలో ఆగిపోయి, మళ్లీ సిద్ధమవుతుంటుంది. దానితో ఒకే నెలలో రెండు మూడు సార్లు జారుడు వచ్చి పోవచ్చు. జారుడు కనిపించిందంటే అండం విడుదలైందని కాదు. ఆ తర్వాత రెండు వారాల ప్రాంతంలో నెలసరి వస్తేనే విడుదలైందని అనుకోవచ్చు.

ఆడపిల్ల పెద్దమనిషి కావడానికి ఆరు నెలల నుంచి ఏడాది ముందే తెల్లగా కనిపించడం మొదలవుతుంది. దురద, వాసన లేకపోతే అది ఎదుగుదల గుర్తే, పిల్లకి ఆ మాట ముందే చెప్పి ఉంచండి. గర్భంతో ఉన్నప్పుడు పాలలా తెల్లని స్రావం ఎక్కువవుతుంది. అయితే ఒక్కసారిగా నీళ్లు కారినట్టు పోతే అది ఉమ్మనీరు కావచ్చు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నెలసరి ఆగిపోయిన వయసులో పొడిబారుతుంది, మంట పుడుతుంది. దానికి మందులున్నాయి, భరిస్తూ కూర్చోనవసరం లేదు.

మామూలు కానిది ఎలా ఉంటుంది?

మీ వరస మీకు తెలిశాక తేడా ఇట్టే తెలుస్తుంది. తెల్లగా, ముద్దలు ముద్దలుగా వచ్చి విపరీతమైన దురద, ఎర్రగా కమిలిపోవడం, మూత్రం తగిలితే మంట ఉంటే అది ఎక్కువగా క్యాండిడా అనే ఫంగస్. వాసన పెద్దగా ఉండదు. యాంటీబయాటిక్స్ కోర్సు తర్వాత, గర్భంతో ఉన్నప్పుడు, షుగర్ అదుపులో లేనప్పుడు ఎక్కువగా వస్తుంది. ఏడాదికి మూడు నాలుగు సార్లు తిరగబెడుతుంటే క్రీములు మార్చుకుంటూ పోకుండా షుగర్ పరీక్ష చేయించుకోండి.

పలచగా, బూడిద తెలుపులో, నీచు వాసనతో ఉంటే, కలయిక తర్వాత ఆ వాసన ఇంకా పెరుగుతుంటే అది బ్యాక్టీరియల్ వెజైనోసిస్. మంచి బ్యాక్టీరియా తగ్గిపోయి వేరేవి పెరగడం వల్ల వస్తుంది. దురద ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పసుపు, ఆకుపచ్చ రంగులో నురగగా వచ్చి వాసన, మంట ఉంటే ట్రైకోమోనాస్ కావచ్చు. ఇది కలయిక ద్వారా అంటుతుంది, కాబట్టి భర్త కూడా మందు వాడాలి. అతనికి ఏ ఇబ్బందీ కనిపించకపోవచ్చు. ఆయన మందు వేసుకోకపోతే మీకు మళ్లీ వస్తుంది.

క్లమీడియా, గనేరియా లాంటి సుఖ వ్యాధులు చాలామంది ఆడవాళ్లలో ఏ గుర్తూ లేకుండానే లోపలికి పాకుతాయి. పొత్తికడుపు నొప్పి, జ్వరం, కలయికలో నొప్పి ఉంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు. కలయిక తర్వాత రక్తం పడటం, రక్తం కలిసిన దుర్వాసన స్రావం, నెలసరి ఆగిపోయిన ఏడాది తర్వాత ఎప్పుడైనా రక్తం కనిపించడం, వీటికి వెంటనే పరీక్ష కావాలి. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ ఇలా బయటపడొచ్చు.

ఇక నీరసం మాట. తెల్లబట్ట వల్ల ఒంట్లో బలం పోదు, ఎముకలు కరగవు. గోవాలో జరిపి 2005లో ప్రచురించిన ఒక పెద్ద సర్వేలో, ఎక్కువ తెల్లబట్ట అవుతోందని చెప్పిన ఆడవాళ్లలో ఇన్ఫెక్షన్ల కంటే మనోవేదన, ఇంట్లో ఒత్తిళ్లే ఎక్కువగా ముడిపడి కనిపించాయి. ఇంకొకటి రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నీరసంగా ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. మనసు బాగోలేకపోతే అది కూడా డాక్టర్‌కి చెప్పండి.

కడుక్కోవడం గురించి

బయటి భాగానికి మామూలు నీళ్లు చాలు. లోపల సబ్బు, యాంటీసెప్టిక్ ద్రావణం, ఉప్పు-పసుపు నీళ్లు, వేపాకు కషాయం ఏవీ పోయకూడదు. ఆ పులుపుని పోగొడితే మంచి బ్యాక్టీరియా పోయి ఇన్ఫెక్షన్లు ఎక్కువవుతాయి. సువాసన వాష్‌లు కూడా అవసరం లేదు. సబ్జా నీళ్లు, మెంతులు తాగితే నష్టమేమీ లేదు, కానీ ఇన్ఫెక్షన్ వాటితో తగ్గదు. నూలు లోదుస్తులు వాడి, లంగా కింద దాచకుండా ఎండలో ఆరేయండి.

డాక్టర్ దగ్గరికి వెళ్తే

వెళ్లే ముందు రోజు లోపల మందులు, క్రీములు ఏవీ పెట్టుకోవద్దు, పరీక్షకి అడ్డం వస్తాయి. సైకిల్‌లో ఎన్నో రోజు, రంగు, వాసన, దురద, ఎప్పటి నుంచి, అంతకుముందు మీకు ఎలా ఉండేది, ఇవి నోట్‌బుక్‌లోంచే చదివి చెప్పండి. నోటితో చెప్పడానికి బిడియంగా ఉంటే పుస్తకమే చేతికివ్వండి. పెళ్లికాని అమ్మాయిలు లోపలి పరీక్ష భయంతో వెళ్లడం మానేస్తారు. ఆ మాట ముందే చెప్పండి, లోపల పరికరం పెట్టకుండా బయటి నుంచే దూది పుల్లతో నమూనా తీయొచ్చు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో "సురక్షా క్లినిక్" అని ఉంటుంది, ఈ ఇన్ఫెక్షన్లకి అక్కడ పరీక్ష, మందులు ఉచితం. మందుల కిట్లకి రంగులుంటాయి. యోని ఇన్ఫెక్షన్‌కి ఆకుపచ్చది, పొత్తికడుపు నొప్పికి పసుపుది, ఇలా. పక్కింటావిడకి తగ్గిందని ఆవిడ కిట్ తెచ్చి వేసుకోవద్దు, ఆవిడ జబ్బు వేరు కావచ్చు. గర్భంతో ఉన్నా, ఉన్నారేమోనన్న అనుమానం ఉన్నా మందు రాసేముందే చెప్పాలి, కొన్ని మాత్రలు అప్పుడు వాడకూడదు. తగ్గినట్టనిపించినా కోర్సు పూర్తి చేయండి. వారం దాటినా తేడా లేకపోతే అదే డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లి, స్రావం నమూనా ల్యాబ్‌కి పంపమని అడగండి.